పికప్ వానుకు ఏ టైరు తగును?

నౌపడ స్టేషనులో నిలిచిన గూడ్సు పెట్టెను ఆ ప్రాంతపు వారందరు చూచియే యుందురు. దాని సొంత బరువెంతయో, అది మోయగల సరకెంతయో పెట్టె ప్రక్కన తెల్లని అక్షరములతో వ్రాసియుండును. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై చిన్న రైలు నడచిన నాడును, ఆ మార్గము పెద్ద పట్టాలకు మారిన తరువాతను నియమ మొక్కటియే: బరువుకు తగిన చక్రము ఉండవలెను.

నేడు ఉప్పు కొటార్ల నుండి బస్తాలు చేరవేయుటకును, ఊరిలో చెత్త యెత్తుటకును పికప్ వానులు విరివిగా వాడబడుచున్నవి. గూడ్సు పెట్టెపై వలెనే ఈ వాను టైరు పైన కూడ అది మోయగల బరువు అచ్చువేయబడియుండును. అయితే దానిని చదివి కొనువారు తక్కువ. పంచాయతీ వానుకు టైర్లు కొనవలసివచ్చినపుడు వచ్చిన కొటేషనులలో ఒకటి చాల చౌకగా ఉండవచ్చును. అది కారు టైరు అయి యుండవచ్చును. రిమ్ము కొలత సరిపోయినందున ‘‘ఇదియు పట్టును గదా’’ యని సభ్యులకు తోచును. రిమ్ముకు పట్టుట వేరు, బరువుకు తగుట వేరు. ఈ భేదమును తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

రెండు విధముల టైర్లు

బండి బరువును ముఖ్యముగా మోయునది టైరులోని గాలి. ఆ గాలిని పట్టియుంచునది టైరు. కారు టైరు ప్రయాణికుల సుఖము కొరకు చేయబడినది. దాని ప్రక్కగోడలు మెత్తనివి. అందు సాధారణముగా 30 మొదలు 36 పౌండ్ల గాలి పట్టుదురు. లైటు ట్రక్కు టైరు సరకు మోయుటకు చేయబడినది. దాని లోపలి పొరలు బలమైనవి, ప్రక్కగోడలు గట్టివి. ‘8 పి.ఆర్.’ అని వ్రాసిన లైటు ట్రక్కు టైరు సుమారు 65 పౌండ్ల గాలికి నిలుచును. ఎక్కువ గాలి పట్టును గనుకనే అది ఎక్కువ బరువు మోయును.

పూర్వము నూలు పొరలతో టైర్లు చేసిన కాలమున ‘పి.ఆర్.’ అను అంకె పొరల సంఖ్యను తెలిపెడిది. నేడది బలమును తెలుపు గుర్తు మాత్రమే. పొరలు నిజముగా అన్ని ఉండవు.

టైరుపైని వ్రాతను చదువు విధము

ఒక టైరుపై ‘185 ఆర్ 14 ఎల్.టి. 8 పి.ఆర్. 102/100’ అని ఉన్నదనుకొనుడు. 185 అనునది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 14 అనునది అంగుళములలో రిమ్ము వ్యాసము. ‘ఎల్.టి.’ అనగా లైటు ట్రక్కు. కొన్ని టైర్లపై దీనికి మారుగా ‘సి’ అను అక్షరముండును. 102 అనునది బరువు సూచిక. అది కిలోగ్రాముల లెక్క కాదు, ఒక పట్టికలోని సంఖ్య. 102 అనగా టైరొకటికి 850 కిలోలు. వెనుక చక్రములు జంటలుగా బిగించినచో 100 సూచిక వర్తించును. అనగా 800 కిలోలు. కారు టైర్లపై తరచుగా కనబడు 91 అను సూచికకు 615 కిలోలు మాత్రమే.

ఒక చిన్న లెక్క

సరకు నింపిన ఒక వాను వెనుక ఇరుసుపై 1,700 కిలోల బరువు పడుచున్నదనుకొందము. వెనుక టైర్లు రెండు. ఒక్కొక్కటి 850 కిలోలు మోయవలెను. 102 సూచిక గల లైటు ట్రక్కు టైర్లు దీనికి సరిగా సరిపోవును. 91 సూచిక గల కారు టైర్లు రెండును కలిసి మోయగలది 1,230 కిలోలే. లోటు 470 కిలోలు, అనగా 50 కిలోల ఉప్పు బస్తాలు తొమ్మిదికి మించిన బరువు.

అమెరికా దేశమున ట్రక్కుకు కారు టైరు బిగించినచో, దానిపై వ్రాసిన బరువును 1.10తో భాగించి తగ్గించి లెక్కింపవలెనని నిబంధన యున్నది. ఆ లెక్క ప్రకారము 615 కిలోల టైరు 559 కిలోలకే పనికివచ్చును.

శక్తికి మించి మోయు టైరు తిరుగునపుడెల్ల ప్రక్కగోడ అధికముగా నలుగును. ఆ నలుగుడు వలన వేడి పుట్టును. ఎండకాలమున తారురోడ్డుపై వేగముగా పోవునపుడు ఆ వేడికి రబ్బరు లోపలి పొరల నుండి విడిపోయి టైరు పగులును. వెనుక టైరు పగిలిన బండి పట్టు తప్పును. టైర్లలో మిగిల్చిన కొద్ది రూపాయలకు డ్రైవరును, ప్రక్కన కూర్చున్న పనివాడును, ఎదురుగా వచ్చువారును మూల్యము చెల్లింపవలసివచ్చును.

కారు టైరు తగు సందర్భము

కారు టైరు చెడ్డదని తలంపరాదు. ముఖ్యముగా మనుషుల ప్రయాణమునకే ఉద్దేశింపబడి, తయారుదారులే కారు టైర్లను నిర్దేశించిన పికప్ బండ్లు కొన్ని కలవు. వాటికి అవే మేలు. కుదుపు తక్కువ, చప్పుడు తక్కువ. సరకు బండికి మాత్రము తయారుదారు నిర్ణయించిన సూచికకు తగ్గిన టైరును ఎన్నడును బిగింపరాదు. ఎక్కువ సూచిక గల టైరు వేసినంత మాత్రమున ఎక్కువ సరకు వేయ వీలులేదు. రిమ్ము, స్ప్రింగులు, బ్రేకులు పాతవే గదా! రిజిస్ట్రేషను పత్రములోని మొత్తము బరువును మించి బండి నడుపుట 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము కూడ.

సభ్యులు గమనింపవలసినవి

1. సరకు నింపిన వానును కాటాపై తూచి, వెనుక చక్రముల బరువును ప్రత్యేకముగా తెలిసికొనవలెను.

2. తీర్మానములో ‘‘టైర్లు నాలుగు’’ అని మాత్రమే వ్రాయక, కొలత, ఎల్.టి. గుర్తు, బరువు సూచిక స్పష్టముగా వ్రాయవలెను.

3. తయారైన తేదీ చూడవలెను. ‘1025’ అని ఉన్నచో 2025వ సంవత్సరపు పదవ వారమున తయారైనదని అర్థము.

4. ఒకే ఇరుసుపై కారు టైరును, ట్రక్కు టైరును కలిపి వేయరాదు. స్టెప్నీ కూడ అదే రకమై యుండవలెను.

5. టైరు చల్లగా ఉన్నపుడే గాలి చూడవలెను. బండి పుస్తకములో ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి ఒక లెక్క ఇచ్చినచో వాటిని పాటింపవలెను. ఖాళీ బండిలో గాలి మితిమీరినచో బండి యెగురును, టైరు నడుమ అరుగును.

6. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకముందే టైరు మార్చవలెను.

7. ఉప్పునీరు తగులు చోట్ల రిమ్మును మంచినీటితో కడుగుచుండవలెను. టైరుకు లోతైన గంటు పడినచో ఉప్పునీరు లోని ఉక్కు తీగెలను త్రుప్పు పట్టించును.

చౌక కొటేషను ముందున్నపుడు సభ్యులు ‘‘ఈ టైరు ధర ఎంత?’’ అని అడుగుటకు ముందు ‘‘ఈ టైరు ఎంత మోయును? మన వాను ఎంత మోయుచున్నది?’’ అని అడుగవలెను. జవాబు టైరు ప్రక్కనే వ్రాసియున్నది. దానిని చదివి సంతకము చేసిన సభ్యుడు గ్రామ ధనమును, గ్రామస్థుల ప్రాణములను కూడ కాపాడినవాడగును.