రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాక

రాజమండ్రి

చిరంజీవి లావణ్యకు,

మేనత్త దీవించి వ్రాయునది. నువ్వు పంపిన రిపోర్టులు నిదానంగా చూశాను. బ్లడ్ కౌంట్, థైరాయిడ్, మల పరీక్ష, గోధుమ పడుతుందో లేదో చూసే పరీక్ష, కొలొనోస్కోపీ, అన్నీ నార్మలే. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని రాసి, “టెన్షన్ తగ్గించుకోమ్మా” అని పంపేశారని, బయటికొచ్చాక నువ్వు ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. ఏడుపు రాదూ మరి! టిఫిను తింటే ఎక్కడ పరుగెత్తాల్సొస్తుందోనని ఖాళీ కడుపుతో క్యాబ్ ఎక్కి, దారిలో పెట్రోలు బంకులు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకునే పిల్లకి ఆ మాట ‘నీకేం లేదు పో’ అన్నట్టే వినిపిస్తుంది.

నీకు జబ్బుంది. ముందు ఆ సంగతి నువ్వు నమ్మాలి. గ్యాస్ట్రో ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. స్కోపులో పుండు కనిపిస్తే ఇంటిల్లిపాదీ జాలిపడతారు, కనిపించకపోతే మనిషి నటిస్తోందంటారు. ఐబీఎస్‌కి డాక్టర్లు పెట్టుకున్న లెక్కలున్నాయి. మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజైనా కడుపునొప్పి ఉండాలి, ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, వెళ్ళే సార్లు మారడం, మలం తీరు మారడం, ఈ మూడిట్లో కనీసం రెండు ఉండాలి. నీకు ఇవన్నీ ఉన్నాయి.

పేగు గోడల్లో పది కోట్లకు పైగా నరాల కణాలుంటాయి. అవి సొంతంగా పనిచేస్తూనే మెదడుతో ఎప్పుడూ కబురు నడుపుతుంటాయి. పరిశోధకులు చిన్న బెలూన్‌ని మలద్వారం గుండా మలాశయంలో పెట్టి కొద్దికొద్దిగా ఊది చూశారు. మామూలు వాళ్ళకి నొప్పి అనిపించని ఒత్తిడి దగ్గరే చాలామంది ఐబీఎస్ రోగులకి నొప్పి మొదలైంది. అంటే పేగు చెడిపోలేదు, పేగు నుంచి వచ్చే కబురు పెద్దదై చేరుతోంది. దానికి భయం తోడైతే పేగు ఇంకా జోరుగా కదులుతుంది, ఆ కదలికకి భయం ఇంకా పెరుగుతుంది. హాస్టల్లో ఫుడ్ పాయిజనింగ్ అయిన దగ్గర్నుంచే నీకిది మొదలైందన్నావు. అలా వాంతులు, విరేచనాలు తగ్గిపోయినా ఆ సున్నితం మిగిలిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు. కాబట్టి ఇదంతా నీ ఉద్యోగం టెన్షన్ వల్లే వచ్చిందని అనుకోకు. టెన్షన్ ఉన్నదాన్ని పెంచుతుంది, అంతే.

ఇంకో మాట. మందుల షాపులో ‘అమీబియాసిస్ అయ్యుంటుంది’ అని ఇచ్చే మెట్రోనిడజోల్ కోర్సులు ఇక వాడకు. మల పరీక్షలో ఏమీ లేకుండా ఏళ్ళ తరబడి ఆ మాత్రలు మింగినవాళ్ళని ఎంతమందిని చూశానో!

ఇక అసలు విషయం. హిప్నోథెరపీ సంగతి కనుక్కోమని నేనంటే మీ నాన్న నవ్వాడట. వాడి తప్పు లేదు. మా కాలం వాళ్ళకి హిప్నాటిజం అంటే పట్టాభిరామ్ గారి ప్రదర్శనలే గుర్తొస్తాయి. స్టేజీ మీదికి పిలిచిన కుర్రాడు ఉల్లిపాయని ఆపిలనుకుని కొరుక్కు తింటే హాలంతా నవ్వడం, అదీ వాడికి తెలిసింది. క్లోరోఫాం రాకముందు, 1845లో, మన హుగ్లీలోనే జేమ్స్ ఎస్‌డైల్ అనే డాక్టరు దీనికి పూర్వరూపమైన మెస్మరిజంతో నొప్పి తెలియకుండా ఆపరేషన్లు చేశాడని వాడికి చెప్పు.

కడుపు జబ్బుకి హిప్నోసిస్‌ని పద్ధతి ప్రకారం వాడినవాడు మాంచెస్టర్‌లోని పీటర్ వోర్వెల్. 1984లో ఆయన బృందం ఏ మందుకీ లొంగని 30 మంది రోగుల్ని రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకి హిప్నోథెరపీ, రెండో జట్టుకి మాటలతో చేసే మానసిక చికిత్సతో పాటు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండో జట్టుకి కాస్త ఉపశమనం వచ్చింది గానీ విరేచనాల తీరు మారలేదు. హిప్నోథెరపీ జట్టులో నొప్పి, ఉబ్బరం, విరేచనాలు అన్నీ బాగా తగ్గాయి. నాకు అంతకంటే నచ్చింది 1992లో వాళ్ళు చేసిన ఇంకో పని. హిప్నోసిస్‌లో ఉన్నవాళ్ళకి కోపం, ఉద్రేకం, సంతోషం కలిగేలా చేసి పెద్దపేగు కదలికని కొలిచారు. కోపంలో కదలిక పెరిగింది, సంతోషంలో తగ్గింది. బాస్ మెసేజ్ చూడగానే కడుపులో తిప్పుతుందని నువ్వు చెప్పేది కల్పన కాదమ్మా, అది కొలతకి అందిన విషయం.

ఎలా ఉంటుందో చెప్తాను విను, భయం పోతుంది. మా డిపార్ట్‌మెంటుకి వచ్చే క్లినికల్ సైకాలజిస్టు చేస్తుంటే చూశాను. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోమంటారు. చూపు ఒకచోట నిలిపి, ఊపిరి నెమ్మదిగా వదలమంటారు. కాలివేళ్ళ నుంచి నుదుటిదాకా ఒక్కో భాగాన్నీ వదులు చేయిస్తారు. నిద్ర పట్టదు. వీధిలో కూరగాయల బండి అరుపు వినపడుతూనే ఉంటుంది, మనసు మాత్రం అటు పోదు. నీకిష్టం లేనిది ఎవరూ చేయించలేరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ళు తెరిచి లేచి రావచ్చు.

మనసు అలా కుదురుకున్నాక అసలు చికిత్స మొదలవుతుంది. అరచెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఆ వెచ్చదనం లోపలికి ఇంకి, మెలిపెట్టే చోట పేగు వదులవుతోందని ఊహించమంటారు. మాంచెస్టర్ పద్ధతిలో పేగుని నదిగా ఊహించుకుంటారు. నీలాంటివాళ్ళకి ఉరికే నీళ్ళు నెమ్మదించినట్టు, మలబద్ధకం ఉన్నవాళ్ళకి నిలిచిన నీళ్ళు కదిలినట్టు. నువ్వు ఎక్కడిదో నదిని తెచ్చుకోనక్కర్లేదు. చిన్నప్పుడు ధవళేశ్వరం లాకుల దగ్గరికి తీసుకెళ్తే అక్కణ్ణుంచి కదిలేదానివి కాదు. తలుపులు కొంచెం కొంచెం ఎత్తి, కాలవకి ఎన్ని నీళ్ళు కావాలో అన్నే వదలడం కళ్ళారా చూశావు. ఆ తలుపు తిప్పే పని నీ చేతిలోనే ఉన్నట్టు ఊహించుకో. నీ సైకాలజిస్టుకి ఈ సంగతి చెప్పు. మంచివాళ్ళైతే దాన్నే వాడుకుంటారు.

సాధారణంగా వారానికో సెషన్ చొప్పున ఆరు నుంచి పన్నెండు ఉంటాయి. అమెరికాలో నార్త్ కరొలైనా పద్ధతిలో ఏడే సెషన్లు, రెండేసి వారాలకొకటి. అయితే పని జరిగేది ఇంట్లో. రికార్డింగ్ ఇస్తారు, రోజూ ఇరవై నిమిషాలు వింటూ సాధన చెయ్యాలి. దీన్ని సంగీతం నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి, మాత్ర వేసుకున్నట్టు అనుకోకూడదు. సగంలో మానేసి ‘నాకు పనిచెయ్యలేదు’ అన్నవాళ్ళలో చాలామంది ఇంట్లో రికార్డింగ్ ముట్టుకోనివాళ్ళే.

అందరికీ పనిచేస్తుందని మాత్రం నేను చెప్పను. మాంచెస్టర్ వాళ్ళు తమ వెయ్యిమంది రోగుల లెక్క 2015లో ప్రచురించారు. అందులో 76 శాతం మందికి బాగా తగ్గింది. కానీ అది ఆరితేరినవాళ్ళ చోటు. 2019లో నెదర్లాండ్స్‌లో మామూలు ఆస్పత్రుల్లో చేసిన పరీక్షలో, మూడు నెలల దగ్గర, ఒక్కొక్కరికీ విడిగా చేస్తే సుమారు 40 శాతం మందికే తగినంత ఉపశమనం వచ్చింది. ఊరికే జబ్బు గురించి పాఠాలు చెప్పిన జట్టులో అది 17 శాతం. గుంపుగా చేసినా తక్కువేమీ పోలేదని కూడా అందులోనే తేలింది. డబ్బు ఇబ్బందైతే ఆ సంగతి గుర్తుంచుకో. మాంచెస్టర్‌లో తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి ఆ గుణం ఏళ్ళ తరబడి నిలిచింది. నాకు దీనిమీద గురి కుదిరింది అందుకే.

తిండి విషయంలో నాకు నీ మీద దిగులుగా ఉంది. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పు... మానేస్తూ పోతే ఇంకేం తింటావు? 2016లో మెల్‌బోర్న్‌లో, ఆ పదార్థాలన్నీ తగ్గించే లో-ఫాడ్‌మ్యాప్ డైట్‌నీ హిప్నోథెరపీనీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ గుణం ఇంచుమించు సమానంగా వచ్చింది. రెండోదానిలో కంచంలోంచి ఏదీ తీసెయ్యక్కర్లేదు. ముందు పొద్దున్న రెండు ఇడ్లీలైనా తిని బయల్దేరు.

బ్రిటన్‌లో 2008 నుంచీ ఉన్న మార్గదర్శకాల్లో, ఏడాది పాటు మందులు వాడినా తగ్గనివాళ్ళకి హిప్నోథెరపీ లాంటివి చూపించమని రాశారు. నా మాట అడిగితే ఏడాది ఆగనక్కర్లేదు. డాక్టరు గారిచ్చిన మందులు వాడుతూనే మొదలుపెట్టు, ఒకదానికొకటి అడ్డు రావు. అయితే ఒకటి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, జ్వరం వస్తున్నా, కడుపునొప్పితోనో విరేచనంతోనో రాత్రి నిద్రలోంచి లేవాల్సొస్తున్నా హిప్నోథెరపీ పక్కన పెట్టి మళ్ళీ గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే వెళ్ళు. మన దగ్గర పేగు క్షయ కూడా ఇలాగే మొదలవ్వచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్తున్నావన్నది అన్నిటికంటే ముఖ్యం. గోడ మీద పోస్టర్లు చూసి, పూర్వజన్మలు చెప్తామనేవాళ్ళ దగ్గరికి, ఒక్క సిట్టింగులో నయం చేస్తామనేవాళ్ళ దగ్గరికి పోకు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిస్టో అయ్యుండాలి. హైదరాబాద్‌లో అలాంటివాళ్ళు దొరుకుతారు. ఫోన్‌లోనే అడుగు: ఐబీఎస్ వాళ్ళకి పేగుని దృష్టిలో పెట్టుకుని చేసే హిప్నోథెరపీ చేస్తారా, ఎంతమందికి చేశారు, ఎన్ని సెషన్లు, ఇంట్లో సాధనకి రికార్డింగ్ తెలుగులో ఇస్తారా అని. చివరిది అడగడం మర్చిపోకు. ఆ గొంతు నీకు ఇంట్లో వాళ్ళ మాటలా వినపడాలి, ఇంగ్లీషులో అయితే నువ్వు మళ్ళీ ఆఫీసు మీటింగులో కూర్చున్నట్టు బిగుసుకుపోతావు.

అపాయింట్‌మెంటు దొరికేలోగా ఒక పుస్తకం పెట్టుకో. నొప్పి పదికి ఎంత, ఎన్నిసార్లు వెళ్ళావు, ఏం తిన్నావు, ఆ రోజు మనసెలా ఉంది, ఈ నాలుగే రాయి. మొదటి సెషన్‌కి అది తీసుకెళ్తే వాళ్ళ పని సులువవుతుంది, రెండు నెలల తర్వాత తగ్గిందో లేదో నీకూ తెలుస్తుంది. పోయిన నెల వాడిన మందుల చీటీ కూడా అందులోనే పెట్టుకో.

ఇట్లు,
మీ రాజమండ్రి అత్త