మఫ్టీ మోజులో పడే ముందు

"ఇంజినీరింగ్ వద్దంటున్నాడు సార్, ఐబీకి (ఇంటెలిజెన్స్ బ్యూరో) కోచింగ్ ఇప్పిద్దామనుకుంటున్నాం. యూనిఫాం ఉండదు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు." హన్మకొండలో కెరీర్ కౌన్సెలర్ల ముందు కూర్చునే తండ్రుల నోట ఈ తరహా మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. పక్కనున్న పిల్లవాడికి పదిహేడేళ్లుంటాయి. వాడి మనసులో ఏముందో అడిగేలోపే సంభాషణ హాస్టల్ ఫీజు మీదికి వెళ్లిపోతుంది.

ఈ మోజులో సినిమాల వాటా తక్కువేమీ కాదు. ‘పోకిరి’ వచ్చింది 2006లో. హీరో డబ్బు తీసుకుని గ్యాంగుల తరఫున కొడతాడు, కాలుస్తాడు. చివర్లో కృష్ణమనోహర్ ఐపీఎస్ అని తెలియగానే చేసినవన్నీ మాఫీ. చూడటానికి బాగుంటుంది. కానీ మన దేశంలో మారువేషంలో ఉన్న పోలీసు నేరం చేయొచ్చని ముందుగా అనుమతినిచ్చే చట్టం ఏదీ లేదు. బ్రిటన్‌లో 2021లో అలాంటి చట్టం ఒకటి చేశారు. అంతకుముందు అక్కడ రహస్య పోలీసులు చనిపోయిన పిల్లల పేర్లతో ఉద్యమ సంఘాల్లో చేరి, మహిళలను నమ్మించి ఏళ్ల తరబడి కాపురాలే చేసిన సంగతి బయటపడి, 2015లో ప్రభుత్వం విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. లెక్క చెప్పక్కర్లేని ఉద్యోగం అక్కడా లేదు.

అసలు ‘అండర్‌కవర్ ఆఫీసర్’ అనే పోస్టుకు ఇక్కడ నోటిఫికేషన్ అంటూ ఉండదు. పోలీసుల్లో మఫ్టీ ఒక డ్యూటీ. ఖాకీ వేసుకుని స్టేషన్‌లో జనరల్ డైరీ రాసి, జాతరలకు, ఎన్నికలకు బందోబస్తు కాసి, కొన్నేళ్లు గడిచాక పై అధికారికి నమ్మకం కుదిరితే అప్పగిస్తారు. అర్హతలు రెండు ముక్కల్లో: కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి డిగ్రీ, ఐబీలో ఏసీఐఓకు (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) డిగ్రీతో పాటు 18–27 ఏళ్ల వయసు, సెక్యూరిటీ అసిస్టెంట్‌కు పదో తరగతి, సీబీఐ, ఎన్‌ఐఏ ఎస్సై పోస్టులు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ద్వారా. ‘రా’ పేరుతో ఎవరైనా అప్లికేషన్ ఫారం అమ్మజూపితే అది మోసమేనని తెలుసుకోవాలి.

వరంగల్‌లో మఫ్టీ పని ఎలా ఉంటుందో చూడాలనుకుంటే షీ టీమ్‌లు ఉన్నాయి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలై, ఆ తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చాయి. బస్టాండులో, కాలేజీ గేటు ముందు మామూలు బట్టల్లో నిలబడతారు. ఆడపిల్లలను వేధించేవాణ్ని చిన్న కెమెరాలో రికార్డు చేసి పట్టుకుంటారు. మే నెల ఎండలో గంటల తరబడి నిలబడినా ఒక్కోరోజు ఏమీ దొరకదు. దొరికాక రాతపని. పైగా అరెస్టు చేసే పోలీసు తన పేరు స్పష్టంగా కనిపించేలా గుర్తింపు ధరించాలని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 36వ సెక్షన్ చెబుతోంది. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నిబంధనే అది. నిఘా వరకే మఫ్టీ పనికొస్తుంది, చెయ్యి పట్టుకునే క్షణానికి తానెవరో చెప్పుకోవాల్సిందే.

ఇంకా బాగా అర్థం కావాలంటే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ట్రాప్ చూడాలి. ‘ఏసీబీ వలలో అవినీతి చేప’ అన్న హెడ్డింగ్ అందరూ చదువుతారు గానీ, ఆ వల అల్లడానికి పట్టే ఓపిక గురించి ఎవరూ మాట్లాడరు. ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు ఒక్కొక్కటీ రాసుకుంటారు. ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులను మధ్యవర్తులుగా కూర్చోబెట్టి, వాళ్ల ముందే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పొడి తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. అదీ ముందే చేసి చూపిస్తారు. పొడి పూసిన సిబ్బందిని దాడికి తీసుకెళ్లరు, రేపు కోర్టులో ఆ పొడి మీరే అంటించారని లాయరు అనకుండా! లంచం పుచ్చుకున్న చేతులు కడిగిన నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి, లేబుల్ మీద సంతకాలు పెట్టిస్తారు. ఇంత చేసినా, డబ్బు దొరికినంత మాత్రాన శిక్ష పడదు. లంచం అడిగినట్టు, ఇష్టపడి తీసుకున్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు ఎదురు తిరిగినా మిగతా సాక్ష్యాలతో ఆ సంగతి నిరూపించవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది.

మరి లంచం ఇచ్చిన ఫిర్యాదుదారు నేరస్తుడు కాడా? 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు రాశారు: దర్యాప్తు సంస్థకు ముందే చెప్పి, వాళ్లకు సాయంగా ఇచ్చినవాడికి, లంచం ఇవ్వడాన్ని నేరంగా చూసే 8వ సెక్షన్ వర్తించదు. వల వేయడానికీ హద్దుంది: నేరానికి సిద్ధపడ్డవాణ్ని పట్టుకోవడం వేరు, ఆ ఉద్దేశమే లేనివాడిని ఊరించి నేరం చేయించడం వేరు అని సుప్రీంకోర్టు 1950ల్లోనే గీత గీసింది. మత్తు పదార్థాల కేసుల్లో సరుకును పట్టుకోకుండా కొంతదూరం పోనిచ్చి, అందుకునేవాడి దాకా వెళ్లే పద్ధతి ఒకటుంది. అదీ ఎన్‌డీపీఎస్ చట్టం 50ఏ సెక్షన్ కింద, నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో (ఎన్‌సీబీ) డైరెక్టర్ జనరల్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి ద్వారా జరగాలి. ఏ ఎస్సైకీ తనకు తోచినట్టు చేసే వీల్లేదు.

వరంగల్ ప్రాంతానికి ‘కోవర్టు’ (రహస్య ఏజెంటు) అన్న మాటను సినిమా నేర్పలేదు. 1985 సెప్టెంబరు 3న హన్మకొండలో పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు ఎ.రామనాథం తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యారు. అది పోలీసుల పనేనని పౌరహక్కుల సంఘం అప్పటినుంచీ చెబుతూనే ఉంది. నక్సల్స్ వ్యతిరేక దళం గ్రేహౌండ్స్‌ను నిర్మించిన ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడైన నయీమ్ తర్వాత పోలీసులకే ఇన్‌ఫార్మర్‌గా మారాడని, ఆ అండతోనే భూదందాలు, హత్యలు సాగించాడని ఆరోపణలు వెల్లువెత్తాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ప్రభుత్వం సిట్ వేసింది, కొందరు పోలీసు అధికారుల మీదా సస్పెన్షన్ వేటు పడింది. రహస్యంగా వాడుకున్న మనిషికి లెక్కాపత్రం లేకపోతే ఎక్కడ తేలుతుందో చెప్పడానికి క్రైమ్ థ్రిల్లర్లు అక్కర్లేదు.

ఇన్‌ఫార్మర్ అన్న ముద్రకు మూల్యం చెల్లించేది ఎక్కువగా అడవి అంచు ఊళ్ల జనం. 2024 నవంబరులో ములుగు జిల్లా వాజేడు మండలంలో ఇద్దరు అన్నదమ్ములను ఇన్‌ఫార్మర్లన్న నెపంతో మావోయిస్టులు చంపేశారు. అందులో ఒకరు పంచాయతీ కార్యదర్శి. నేరం గురించిన సమాచారం ఎవరిచ్చారో చెప్పాలని పోలీసును కోర్టులో బలవంతపెట్టే వీలు లేదని భారతీయ సాక్ష్య అధినియమ్ 131వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ కోర్టు గది వరకే. అనుమానంతో అర్ధరాత్రి తలుపు కొట్టేవాడికి ఏ సెక్షనూ అడ్డం రాదు. నిఘా విభాగంలో చేరాలనుకునే కుర్రాడు ఎవరి పేరైనా కాగితం మీద పెట్టే ముందు ఆలోచించాల్సిన సంగతి ఇది.

‘ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు’ అనే తండ్రులు ఫోన్ ట్యాపింగ్ కేసును గుర్తు చేసుకుంటే మంచిది. ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి స్థాయిలో రాతపూర్వక ఉత్తర్వు, దాని మీద సమీక్ష కమిటీ ఉండాలని 1996లోనే పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ అనుమతి లేకుండా విననివ్వదు. తెలంగాణ పోలీసు నిఘా విభాగమైన ఎస్‌ఐబీలో అక్రమంగా ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణలొచ్చి, 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. నేరం రుజువు కావాల్సే ఉంది. కానీ ముందు జైలుకు వెళ్లింది డీఎస్పీ, అదనపు ఎస్పీ స్థాయివాళ్లు. పైవాడు నోటిమాటగా చెప్పాడన్నది నిందితుల బోనులో సమాధానం కాదు.

ఇక కోచింగ్ సంగతి. 2025 జులైలో ఐబీ 3,717 ఏసీఐఓ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. డిగ్రీ ఉన్నవాళ్లు రాశారు, రాయాలి కూడా. విసుగొచ్చేదల్లా, ఆ అంకె చూపించి ఇంటర్ పిల్లలకు ‘ఇంటెలిజెన్స్ ఫౌండేషన్’ అమ్మేవాళ్లతోనే. ఆ పరీక్షలో గూఢచర్యం ఉండదు. ఉండేవి కరెంట్ అఫైర్స్, అర్థమెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్, జనరల్ స్టడీస్. గ్రూప్స్‌కు, ఎస్‌ఎస్‌సీకి, ఎస్సైకి చదివేవాడు ఎలాగూ చదివే పాఠాలే. వాటికి వేరే పేరు పెట్టి, పిల్లవాడి డిగ్రీ మీద దృష్టి చెదరగొట్టి, అప్పు చేయించడం వ్యాపారం. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లు ఉచితంగా శిక్షణ ఇస్తున్నాయి. పరుగుకు హన్మకొండ స్టేడియం, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు ఉన్నాయి. ‘డిపార్ట్‌మెంట్‌లో మనవాళ్లున్నారు’ అంటూ అడ్వాన్సు అడిగేవాడికి రూపాయి ఇచ్చినా అది పోయినట్టే.

‘డిటెక్టివ్ డిప్లొమా’ ఇంకా ప్రమాదం. ప్రైవేటు డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే చట్టమే మన దేశంలో లేదు. 2007లో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. ఆ పత్రం గోడకు తగిలించుకోవడానికే. పని పేరుతో ఎవరి కాల్ డేటానో కొనుక్కొస్తే నేరం. 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు ఇలాంటి కేసులోనే ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

పోలీసు పని మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు ముందు డిగ్రీ, వీలైతే లా అన్నదే సరైన దారి. సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, లాసెట్ రాస్తే చాలు. పైన చెప్పిన ట్రాప్‌లు, ట్యాపింగ్‌లు కోర్టులో నిలబడతాయా లేదా అన్నది తేల్చేది అక్కడ నేర్చుకునే చదువే. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల నియామకాలూ పోలీసు నియామక మండలే చేస్తుంది. లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. సైన్సు పిల్లలకు ఫోరెన్సిక్. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి రావాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ అంటోంది. 2020 మేలో గీసుగొండ మండలం గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహాలు దొరికినప్పుడు కేసును ఛేదించింది మారువేషం కాదు. సీసీ కెమెరాలు, పోస్టుమార్టం, పరీక్షల నివేదికలు. అదే ఏడాది అక్టోబరులో కోర్టు తీర్పు వచ్చేసింది.

భాషల విషయంలోనూ ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతోంది. మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన అమ్మాయికి లంబాడీ వచ్చు, ఏటూరునాగారం వైపు అబ్బాయికి కోయ వచ్చు. కార్పొరేట్ కాలేజీలో చేర్చగానే అవి మాట్లాడొద్దంటారు. సమాచారం జనం భాషలోనే దొరుకుతుంది. ఐబీ సెక్యూరిటీ అసిస్టెంట్ పోస్టుకు స్థానిక భాష తెలిసి ఉండటం అర్హతల్లో ఒకటి.

చివరగా, ఎంపికైన వాళ్లను వెనక్కి లాగేది చాలాసార్లు అటెస్టేషన్ ఫారం. ‘మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడి అందులో ఉంటుంది. కాలేజీ గొడవో, షీ టీమ్‌కు దొరికిన పెట్టీ కేసో, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిందని తండ్రి ‘లేదు’ అని రాయిస్తాడు. స్పెషల్ బ్రాంచి వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. చిన్న కేసు ఉన్నట్టు నిజం రాస్తే అధికారులు దాన్ని పరిశీలించి ఉద్యోగం ఇవ్వొచ్చని, దాచితే అభ్యర్థిత్వాన్నే రద్దు చేయొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడి నింపే ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ, కోర్టు ఉత్తర్వు కాపీ తెచ్చుకుని, తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాయాలి.