చేప నూనె మాత్రలు మతిమరుపును ఆపుతాయా?

ఇంట్లో పెద్దవారికి డిమెన్షియా ఉందని తేలగానే మందుల చీటీతో పాటు ఒమేగా-3 క్యాప్సూల్ డబ్బా కూడా కొని తెచ్చే కుటుంబాలున్నాయి. ఆ ఆశకు కారణం లేకపోలేదు. నీటిని మినహాయిస్తే మెదడు బరువులో సుమారు సగం కొవ్వే. డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం నాడీకణాల పొరల్లో దండిగా ఉంటుంది. తగ్గినదాన్ని తిరిగి అందిస్తే జబ్బు నెమ్మదిస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఈ ఆలోచనకు మరో ఆధారం మెదడులోని మైక్రోగ్లియా కణాలు. చనిపోయిన కణాల శకలాలను, పేరుకున్న ప్రోటీన్లను తినేసి శుభ్రం చేయడం వీటి పని. అల్జీమర్స్‌లో అమైలాయిడ్ ముద్దల చుట్టూ ఇవి గుమిగూడి, పని ముగించి శాంతించకుండా ఏళ్ల తరబడి రెచ్చిపోయే ఉంటాయి. అప్పుడు అవి వదిలే రసాయనాలు బాగున్న నాడీసంధులనూ దెబ్బతీస్తాయి. దీన్నే న్యూరోఇన్‌ఫ్లమేషన్ అంటారు. (దోమకాటుతో వచ్చే మెదడువాపు వ్యాధి వేరు.) ఇది జబ్బుకు ఫలితమా, కారణమా అని చాలాకాలం వాదించుకున్నారు. మైక్రోగ్లియాలో పనిచేసే ట్రెమ్2 జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లని 2013లో వెలువడిన అధ్యయనాలు చూపాయి. దాంతో ఈ కణాలు కేవలం ప్రేక్షకులు కావని స్పష్టమైంది.

కొవ్వు ఆమ్లాలు ఇక్కడే రంగంలోకి వస్తాయి. ఒమేగా-6 రకానికి చెందిన అరాకిడోనిక్ ఆమ్లం నుంచి ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. ఒమేగా-3లైన ఈపీఏ, డీహెచ్ఏల నుంచి దాన్ని ముగించే రిజాల్విన్లు, ప్రొటెక్టిన్లు పుడతాయి. అలాగని వంటనూనెల్లోని ఒమేగా-6 విషమని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. ఆహారంలో లినోలిక్ ఆమ్లం పెంచి చూసిన అధ్యయనాల్లో మనుషుల రక్తంలోని ఇన్‌ఫ్లమేషన్ సూచికలు పెరగలేదు.

మరి మాత్రల సంగతి? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 899 మందిని సగటున తొమ్మిదేళ్లు గమనించారు. రక్తంలో డీహెచ్ఏ అత్యధికంగా ఉన్న నాలుగో వంతు మందికి డిమెన్షియా ముప్పు మిగతావారికన్నా 47 శాతం తక్కువని 2006లో తేల్చారు. అయితే చేపలు ఎక్కువగా తినేవారి ఆదాయం, చదువు, వ్యాయామం కూడా వేరుగా ఉండవచ్చు. అసలు పరీక్ష 2010లో వెలువడింది. అల్జీమర్స్ ఉన్న 402 మందిలో కొందరికి రోజుకు 2 గ్రాముల డీహెచ్ఏ, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు 18 నెలలు ఇచ్చారు. మతి క్షీణించే వేగంలో తేడా రాలేదు. జబ్బు ఇంకా రాని, 70 ఏళ్లు నిండిన 1,680 మందిపై ఫ్రాన్స్‌లో మూడేళ్లు సాగి 2017లో వెలువడిన అధ్యయనంలోనూ స్పష్టమైన మేలు కనిపించలేదు.

ఎందుకిలా? అమైలాయిడ్ పేరుకోవడం లక్షణాలకు పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది కాబట్టి మాత్ర ఆలస్యమై ఉండవచ్చు. రవాణా మరో చిక్కు. డీహెచ్ఏ ఒక ప్రత్యేక ఫాస్ఫోలిపిడ్ రూపంలో ఉన్నప్పుడే దాన్ని మెదడులోకి చేరవేసే ప్రోటీన్‌ను సింగపూర్ పరిశోధకులు 2014లో గుర్తించారు. మామూలు క్యాప్సూల్‌లో ఉండేది ఆ రూపం కాదు. పైగా ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడమే పరిష్కారం కాకపోవచ్చు. నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలు అల్జీమర్స్‌ను నివారించలేకపోయాయి. మైక్రోగ్లియాను పూర్తిగా పడుకోబెడితే శుభ్రం చేసేదెవరు?

మన వంటింట్లోని వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వుల నూనెల్లో ఒమేగా-3 దాదాపు లేదు. అవిసె గింజల్లో, ఆవనూనెలో ఉన్నా, శరీరం దాన్ని డీహెచ్ఏగా మార్చుకునేది చాలా తక్కువ. కవళ్లు, కానాగుర్తల వంటి సముద్రపు చేపల్లో డీహెచ్ఏ నేరుగా దొరుకుతుంది. కానాగుర్తకు శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఆ తెలుగు పేరే.

భారత్‌లో 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. లాన్సెట్ కమిషన్ 2024లో ప్రకటించిన, సరిదిద్దుకోగల 14 ముప్పుల్లో రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, పొగతాగడం ఉన్నాయి. అధిక ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను అప్పుడే కొత్తగా చేర్చారు. ఒమేగా-3 లోపం ఆ జాబితాలో లేదు.