భూమిలోనుండి వెలువడు విషవాయువులు

పాడుబావిలో దిగినవాడు మరల పైకి రాకపోయినచో “బావిలోని దయ్యము పట్టుకొన్నది” అనువారు మన కృష్ణాతీరమున నేటికిని గలరు. గుడివాడ ప్రాంతపు చిత్తడినేలలలోను, దివిసీమ లంకలలోను రాత్రివేళ తోచు వెలుగునకు కొరివిదయ్యమని పేరు. చదువుకొన్నవారు ఈ మాటలు విని నవ్వి యూరకుందురు. ఆ నవ్వువలన దిగినవాని ప్రాణము దక్కదు. దయ్యము లేదని చెప్పుట సగము పనియే. అక్కడ నున్నదేమో కూడ చెప్పవలయును.

చల్లారి నిద్రించుచున్నట్లు కనబడు అగ్నిపర్వతముల దరి, భూమి పగుళ్లగుండ బొగ్గుపులుసు వాయువు నిశ్శబ్దముగ వెలువడుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు గలది కావున పల్లములలో నీటివలె నిలుచును. 1979 ఫిబ్రవరి 20వ తేదీన జావా ద్వీపమందలి డియెంగ్ పీఠభూమిలో పర్వతము పేలగా, భయపడి పారిపోవుచున్న గ్రామస్థులు త్రోవలో ఈ వాయువునకు చిక్కి నూటనలుబదిమందికి పైగా మరణించిరి. కామెరూన్ దేశమున న్యోస్ అను సరస్సు అడుగున కరగియుండిన ఇదే వాయువు 1986 ఆగష్టు 21వ తేదీ రాత్రి ఒక్కసారిగ పైకుబికి, లోయలవెంట ప్రవహించి, సుమారు 1,700 మందిని బలిగొన్నది. 2001లో ఆ సరస్సులోనికి గొట్టము దింపి, వాయువును కొంచెము కొంచెముగ బయటికి విడుచు నేర్పాటు చేసిరి. దేవతాగ్రహమైనచో గొట్టమునకు లొంగునా?

మనకు అట్టి పర్వతము లేదు. ఒకనాడు లావా మాత్రము మన దరికిని వచ్చినది. రాజమహేంద్రవరము, పంగిడి ప్రాంతములందలి నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పారిన లావాయే. ఆ పొరలు డెల్టా ఒండ్రుక్రింద లోతునను గలవు. అది ఏనాడో చచ్చిన నిప్పు. దానికిప్పుడు ఊపిరి లేదు. మన నేలలోని ప్రమాదము నిప్పునుండి కాక కుళ్లునుండి పుట్టుచున్నది.

ఆకులు, అలములు, పశువుల పేడ, చచ్చిన చేపలు గాలి తగులని బురదలో క్రుళ్లినప్పుడు మీథేను పుట్టును. ఓల్టా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1776లో మగ్గియోరె సరస్సు బురదను కలియబెట్టి, పైకివచ్చిన బుడగలను పట్టి, వెలిగించి చూచెను. మన కొరివిదయ్యమునకు మూలము ఈ చిత్తడివాయువే యని పలువురి యభిప్రాయము. అది తనంతట నెట్లు అంటుకొనునో యను విషయమున మాత్రము శాస్త్రజ్ఞులలో నింకను వాదము గలదు. మిక్కిలి లోతున, యుగముల క్రిందటి కుళ్లునుండి పుట్టిన సహజవాయువును నిదే జాతి. 1995 జనవరి 8న కోనసీమ పాశర్లపూడిలో చమురుబావి పగిలి రెండు నెలలకు పైగా మండినది దాని బలమువలననే.

ఇంతకంటె క్రూరమైనది హైడ్రోజన్ సల్ఫైడు. రొయ్యలచెరువు అడుగున నల్లబురద త్రవ్వినప్పుడు వచ్చు కుళ్లిన గ్రుడ్ల వాసన దానిదే. పదిలక్షల పాళ్ల గాలిలో నది నూరు పాళ్లయినచో ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. అపాయము తొలగినదని మనుష్యుడు తలచును. వేయి పాళ్లకు చేరినచో ఒకటి రెండు ఊపిరులలోనే కూలును. మురుగుతొట్టెలలోను, చేపలు క్రుళ్లిన పడవగదులలోను పొంచియుండునది ఇదియే.

బావిలోనికి దీపము దింపి చూచుట పెద్దల యాచారము. అది తెలివిగల యాచారమే. ప్రాణవాయువు తరిగినచో దీపము ఆరును. కాని విషముండియు ప్రాణవాయువు చాలినంత యున్నచో దీపము వెలుగుచునే యుండును. మీథేను గాలిలో నూటికి అయిదు మొదలు పదునైదు పాళ్లున్నచో ఆ దీపమే ప్రేలుడునకు హేతువగును. కావున నేడు వాయువులను కొలుచు యంత్రము, గాలి నెక్కించు పంకా, నడుమునకు త్రాడు, పైన లాగువారు లేక ఎవ్వరిని దింపరాదు. ఒకడు పడిపోగా అన్నయో కొడుకో వెంటనే దూకును. వానికిని అదే గతి పట్టును. ఇట్టి మూసిన చోటులలో మరణించువారిలో నూటికి అరువదిమందికి పైగా రక్షింపబోయినవారే యని 1986లో అమెరికా ప్రభుత్వసంస్థ ప్రకటించెను.

మరి దిగువాడెవడు? మన యిండ్ల వెనుకటి తొట్టెలో మనము దిగము. తరతరములుగ ఏ కులములవారిని దింపుచున్నామో చదువరులెరుగుదురు. రక్షణసాధనములు లేక మనుష్యునిచే మురుగుకాలువను గాని తొట్టెను గాని శుభ్రము చేయించుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. మొదటి తప్పునకు రెండేండ్ల వరకు ఖైదు గాని, రెండులక్షల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మృతుని కుటుంబమునకు పదిలక్షల రూపాయలీయవలెనని సుప్రీముకోర్టు 2014లో తీర్పిచ్చి, 2023 అక్టోబరు 20న దానిని ముప్పదిలక్షలకు పెంచెను. తొట్టె యజమాని “వాడే దిగెదనన్నాడు” అనుట చెల్లదు.

న్యాయవాదిగ నాకు కనబడు లోపమొకటి గలదు. చట్టములోని నిర్వచనమున మురుగుకాలువయు తొట్టెయు నున్నవి గాని, నూయి లేదు. నూతిలో పోయిన కూలివాని పక్షమున, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను క్రింద, నిర్లక్ష్యమువలని మరణమని వాదింపవలసియుండును. అది పోయిన ప్రాణమునకు సంబంధించినది. దింపుటకు ముందు యజమానిని కట్టడిచేయు షరతు దానిలో లేదు. ఆ షరతును మన పంచాయతీలు తీర్మానముగ వ్రాసికొనుటకు అడ్డమేమియు నాకు కానరాదు.