సంపు ఎందుకు కంపు కొడుతుంది?

లాలాపేటలో నల్లా వచ్చే రోజు. పొద్దున్నే సంపు మూత తీసి బకెట్ ముంచింది ఒకామె. ముక్కు మూసుకుంది. పక్కింటి ఆమెను పిలిచింది.

"ఏందక్కా, నీళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తున్నయి?"

"నల్లా నీళ్ళా చెల్లె, సంపుల నీళ్ళా?"

అక్క మంచి ప్రశ్న అడిగింది. వాసన ఎక్కడ పుట్టిందో ముందు తెలియాలి. నల్లా నీళ్ళు ఒక గిన్నెలో పట్టండి. సంపు నీళ్ళు ఇంకో గిన్నెలో తీయండి. రెండూ వాసన చూడండి.

నల్లా నీళ్ళే మోరీ కంపు కొడుతున్నాయా? అయితే బయట ఎక్కడో పైపులో మురుగు కలుస్తోంది. ఆ నీళ్ళు తాగకండి. సంపులోకి వదలకండి. జలమండలికి 155313 నంబరుకు ఫోన్ చేయండి. ఒక్క ఇంటివాళ్ళు చేస్తే చాలదు. గల్లీలో నాలుగిళ్ళ వాళ్ళు చేయండి.

నల్లా నీళ్ళు బాగుండి, సంపు నీళ్ళే కంపు కొడితే, సంపు కడగాలి.

మన హైదరాబాద్‌కు నాగార్జున సాగర్ నుంచి కృష్ణ నీళ్ళు వస్తాయి. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వస్తాయి. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి వస్తాయి. క్లోరిన్ కలిపే పంపుతారు. కానీ సంపులో నిలిచిన కొద్దీ క్లోరిన్ తగ్గిపోతుంది. సన్నటి మట్టి అడుగుకు దిగుతుంది. మూత సందులోంచి ఆకులు, బొద్దింకలు పడతాయి. అన్నీ కలిసి మడ్డి అవుతుంది. గాలి తగలని మడ్డిలో క్రిములు పెరుగుతాయి. అవి వదిలే గాలే ఆ కంపు. గోదావరి మీద పడవ వాళ్ళకు ఈ సంగతి తెలుసు. పడవ అడుగున చేరిన నీళ్ళు తోడిపోయకపోతే ఇలాగే కుళ్ళి వాసన వస్తాయి.

"అయితే మా ఆయన సాయంత్రం దిగి కడుగుతడు అక్కా."

"ఆగు చెల్లె. దిగొద్దు."

ఎందుకు దిగవద్దు? మూసి ఉంచిన సంపులో మంచి గాలి తక్కువ. చెడు గాలి అడుగున పేరుకుంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గాలి విషం. అది ఎక్కువైతే మన ముక్కు మొద్దుబారుతుంది. వాసనే తెలియదు. అందుకే "ఇప్పుడు కంపు లేదు కదా" అని దిగకండి. కొంతమంది దీపం దించి చూస్తారు. దీపం ఆరకపోతే భయం లేదంటారు. అది నమ్మకండి. విషపు గాలి ఉన్నా దీపం వెలగవచ్చు. కొన్ని గాలులు దీపానికి భగ్గున అంటుకుంటాయి కూడా. కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగి ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు.

ఒకరు లోపల పడిపోతే ఇంకొకరు కాపాడాలని దూకుతారు. ఆయన వెనుక కొడుకు, కొడుకు వెనుక తమ్ముడు. ఇలా ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు. ఎవరైనా పడిపోతే మీరు దిగకండి. ఎవరినీ దిగనీయకండి. గట్టిగా అరిచి జనాన్ని పిలవండి. ఫైరింజన్‌కు 101, అంబులెన్సుకు 108 చేయండి.

మరి కడిగేది ఎలా? పైనుంచే.

నల్లా రావడానికి ముందు రోజు కడగండి. అప్పటికి నీళ్ళు తగ్గి ఉంటాయి. మొదట మోటారు మెయిన్ స్విచ్ కట్టేయండి. తడి సంపులో కరెంటు కూడా ప్రాణం తీస్తుంది. మూత తీసి గాలి ఆడనివ్వండి. పిల్లలు అటు రాకుండా ఒకరు మూత దగ్గరే ఉండాలి. మిగిలిన నీళ్ళు తోడేయండి. పొడుగాటి కర్రకు గట్టి బ్రష్షు కట్టి గోడలు, అడుగు రుద్దండి. మడ్డిని తాడు కట్టిన బకెట్‌తో లాగండి. పెట్రోల్ మోటారును మాత్రం సంపులో దించకండి. దాని పొగ కూడా విషమే. సంపు లోతుగా ఉండి పైనుంచి అందకపోతే, గాలి కొట్టే మిషను, తాళ్ళు ఉన్న పనివాళ్ళను పిలవండి. ఖర్చు అవుతుంది, నిజమే. సెప్టిక్ ట్యాంకు అయితే, రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడం నేరం. 2013లో చట్టం వచ్చింది.

కడిగాక గోడలు చూడండి. ఖాళీ సంపులో ఒకచోట చెమ్మ ఊరుతోందా? పక్కన మోరీ ఉందా? అయితే పగులులోంచి మురుగు వస్తూ ఉండవచ్చు. మేస్త్రీతో పూడ్పించాలి. లేకపోతే ఎన్నిసార్లు కడిగినా కంపు పోదు.

ఇప్పుడు బ్లీచింగ్ పౌడర్. 10 లీటర్ల బకెట్ నీళ్ళలో 10 గ్రాములు కలపండి. తేరిన నీళ్ళు తీసుకుని గోడలకు, అడుగుకు బ్రష్షుతో పూయండి. అరగంట ఆగి మంచినీళ్ళతో కడగండి. ఆ నీళ్ళు తోడి పారబోయండి.

బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ కలపకండి. రెండూ కలిస్తే పుట్టే గాలి ఊపిరితిత్తులను కాలుస్తుంది. "రెండూ కలిపితే బాగా తెల్లగా అవుతుంది" అని చెప్పేవాళ్ళు గల్లీకొకరు ఉంటారు. వినకండి.

2020 అక్టోబరులో కుండపోత వాన పడింది. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ళ సంపుల్లోకి వరద నీళ్ళు వచ్చాయి. అలా వచ్చినప్పుడు పైన బ్లీచింగ్ చల్లితే సరిపోదు. అంతా తోడి, కడిగి, ఆ తర్వాతే నింపాలి.

లెక్క చేద్దాం

సంపు నిండాక కూడా కొంచెం బ్లీచింగ్ వేయాలి. 1000 లీటర్లకు 2.5 గ్రాములు. ముందు బకెట్‌లో కలిపి, తేరిన నీళ్ళు సంపులో పోయాలి. గంట ఆగాకే ఆ నీళ్ళు వాడాలి.

ఒక సంపు పొడవు 5 అడుగులు, వెడల్పు 4 అడుగులు, నీటి లోతు 5 అడుగులు.
5 × 4 × 5 = 100 ఘనపుటడుగులు.
ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్లు.
100 × 28 = 2800 లీటర్లు.
2.8 × 2.5 = 7 గ్రాములు.

7 గ్రాములు తూచడం కష్టం. కిరాణా కొట్టులో 50 గ్రాములు తూయించండి. పది సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం 5 గ్రాములు. పై సంపుకు ఒక భాగం, ఇంకో భాగంలో సగానికి కొంచెం తక్కువ. మిగిలింది గట్టి మూత ఉన్న డబ్బాలో, చెమ్మ తగలకుండా దాచండి. చెమ్మ తగిలితే పౌడర్ పని చేయదు.

మీ ఇంటి సంపు కొలిచి రాయండి.
పొడవు ........ అడుగులు
వెడల్పు ........ అడుగులు
నీటి లోతు ........ అడుగులు
ఎన్ని లీటర్లు? ........
ఎన్ని గ్రాములు? ........
కడిగిన తేదీ ........