పాత్రశుద్ధి

1865 ప్రాంతమున దక్షిణేశ్వరమునకు విచ్చేసిన అద్వైతసన్న్యాసి తోతాపురి తన ఇత్తడి లోటాను ప్రతిదినము తళతళలాడునట్లు తోముకొనుచుండెడివాడు. నిర్వికల్పసమాధిని పొందియు నిత్యము ధ్యానమునకు కూర్చుండుచుండెను. సిద్ధిపొందినవారికి ఈ నిత్యాభ్యాసమేల యని శ్రీరామకృష్ణులు ప్రశ్నింపగా, ఆయన లోటాను చూపి, తోమకున్నచో దీనికి మకిలి పట్టును, మనస్సును అట్టిదే యని సమాధానమిచ్చెను. లోటా బంగారముదైనచో నేమని శ్రీరామకృష్ణులు మరల అడిగిరి. ఆ మాట నిజమని తోతాపురి అంగీకరించెను.

ఈ సంభాషణమును పలువురు వినియుందురు. కాని ఇత్తడికి మకిలి ఏల పట్టును, తోముట యనగా నేమి అని విచారించువారు కొలదిమంది. అది తెలిసినగాని ఉపమానము పూర్తిగా బోధపడదు.

ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రమము. గాలిలోని ఆమ్లజని రాగితో కలిసి ఎఱ్ఱని లేక నల్లని ఆక్సైడు పొరను కల్పించును. పులుపు, తేమ తగిలినచోట పచ్చని చిలుము పుట్టును. అది ఆహారములో కలిసినచో దేహమునకు హానికరము. కావున మకిలి యంతయు వెలుపలినుండి వచ్చి పడిన ధూళి కాదు. లోహమే గాలితో కలిసి తన్ను తాను కప్పుకొనుచున్నది. బంగారము అట్లు ఆమ్లజనితో కలియదు. అందుచే దానికి చిలుము లేదు.

తోముటకు ఒక క్రమము కలదు. జిడ్డు ఉన్నచోట పులుపు లోనికి పోజాలదు. కనుక ముందు బూడిదతో జిడ్డును వదలింపవలెను. పిదప చింతపండుతో రుద్దినచో అందలి టార్టారిక్ ఆమ్లము ఆక్సైడును కరగించును. ముతక ఇసుకతో బలముగా రుద్దినచో గీతలు పడి, ఆ గీతలలోనే మురికి నిలుచును. త్వరగా శుభ్రపడునని పాత్రను రాత్రియంతయు పులుపులో నానవేసినచో, పైభాగమునందలి తుత్తునాగము కరగిపోయి ఇత్తడి ఎఱ్ఱబారును. అన్నిటికంటె ముఖ్యమైనది కడపటి పని: చింతపండును కూడ బాగుగ కడిగి, పాత్రను తుడిచి ఆరనీయవలెను. మకిలిని పోగొట్టిన ఆ పులుపే మిగిలియున్నచో క్రొత్త చిలుమునకు కారణమగును.

కళాయి వేయువాని పనియందు ఈ సత్యము మరింత స్పష్టము. పులుసు వండు ఇత్తడి గిన్నెలకు లోపల తగరము పూయించుట మన ఇండ్లలో చిరకాలపు ఆచారము. అతడు తోమిన గిన్నెను నిప్పులపై కాచి, నవాసాగరపు పొడిని చల్లును. తెల్లని పొగ లేచును. వేడికి నవాసాగరమునుండి వెలువడిన ఉదజహరికామ్ల వాయువు, కంటికి కానరాక మిగిలిన ఆక్సైడును సైతము తొలగించును. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. ఆ క్షణముననే దానిని దూదితో రుద్దగా గిన్నె వెండివలె మెరయును. ఆలస్యమైనచో వేడి లోహము మరల ఆక్సైడుతో కప్పబడును. మకిలి మిగిలినచోట తగరము అంటుకొనక పూసలుగా విడిపోవును. ఎంత మంచి తగరమైనను శుద్ధిలేని తావున నిలువదు.

జపము, పూజ, శాస్త్రపఠనము ఎన్ని చేసినను మనస్సునకు అంటుకొనుటలేదని వగచు సాధకుడు ఈ గిన్నెను తలంచుకొనవలెను. లోపము మంత్రమునందు లేదు; కోపము, లోభము అను జిడ్డు వదలలేదు. దేహమును శోషింపజేయు కఠోరవ్రతములు ముతక ఇసుకవంటివి. తాను సాధకుడనను అభిమానమో, కడుగక విడిచిన చింతపండు.

తోముటవలన పాత్రకు క్రొత్తగా చేరినదేమియు లేదు. ఆ కాంతి లోహమునదే. కప్పినది తొలగుటయే శుద్ధి. అయినను నేడు తోమిన ఇత్తడికి రేపు గాలి తగులక మానదు. తనది బంగారు పాత్రయని నిశ్చయముగ ఎఱుగనివాడు ప్రతి ఉదయమును తోముకొనుటయే క్షేమము.