ఇగ్నిషను కాయిలు పరీక్ష: మీటరు చెప్పునది, చెప్పలేనిది

పాత పెట్రోలు ట్రాక్టరు ఎంత త్రిప్పినను పలుకక మొరాయించినపుడు మొట్టమొదట నింద మోయునది దాని ఇగ్నిషను కాయిలు. అది నలువైపుల మూసిన డబ్బా. లోపల ఏమి జరుగుచున్నదో కంటికి కనబడదు. కనబడనిదానిని అనుమానించుట మానవ స్వభావము. ఇందుచేత ఏ దోషమును లేని కాయిళ్ళు పారవేయబడుటయు, క్రొత్తది కొని బిగించిన పిదప కూడ ఇంజను మూగగనే యుండుటయు తరచుగా జరుగుచున్నవి. దుక్కి అదను మించిపోవును. ఖర్చు వృథా యగును. అసలు దోషము ఉన్నచోటనే ఉండును.

దీనికి విరుగుడు పరీక్ష. మల్టీమీటరు అను చిన్న పనిముట్టుతో పది నిమిషములలో కాయిలును పరీక్షింపవచ్చును. అయితే ఆ మీటరు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలియనియెడల ఆ పరీక్షయు మరియొక నిందగనే పరిణమించును. ఈ రెంటిని విద్యార్థులకు విడమరచి చెప్పుటయే ఈ పాఠమున మా ఉద్దేశము.

ఉదాహరణకు ఫోర్డు 8ఎన్ ట్రాక్టరును తీసికొందము. ఇది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున హైలాండు పార్కు కర్మాగారములో 1947 మొదలు 1952 వరకు 5 లక్షలకు పైగా తయారైనది. నేటికిని ఆ దేశమున వీనిని బాగుచేసికొని నడుపుకొనువారు పెక్కురు కలరు. దీనికి నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 6 వోల్టుల బ్యాటరీ ఉండెను. మొదటి బండ్లలో డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందుభాగమునను, చదరపు పెట్టెవంటి కాయిలు దాని నెత్తిమీదను ఉండెడివి. 1950 లో డిస్ట్రిబ్యూటరు ఇంజను ప్రక్కకు మారినది. కాయిలు గుండ్రని డబ్బాగా వేరుపడినది. మనము పరీక్షింపబోవునది ఈ గుండ్రని కాయిలు.

మన పొలములలో నేడు తిరుగు ట్రాక్టర్లు దాదాపుగ అన్నియు డీజిలువి. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కుటవలన పుట్టు వేడికే నూనె అంటుకొనును. నిప్పురవ్వతో పనిలేదు గనుక కాయిలును లేదు. కాని పాత అంబాసిడరు పెట్రోలు కారు మీ వీధిలో ఉన్నచో దాని ముందు మూత తెరచి చూడుడు. వోల్టులు పండ్రెండైనను పద్ధతి ఇదియే.

1. కాయిలు చేయు పని

కాయిలులో ఒక ఇనుపరేకుల కడ్డీమీద రెండు తీగచుట్టలు ఉండును. ప్రాథమిక చుట్ట లావుపాటి రాగితీగతో కొన్ని వందల చుట్లు చుట్టబడియుండును. ద్వితీయ చుట్ట వెండ్రుకవంటి సన్నని తీగతో సుమారు 20,000 చుట్లు ఉండును. స్విచ్చి వేసి, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసికొన్నపుడు బ్యాటరీ విద్యుత్తు ప్రాథమిక చుట్టగుండా పారి కడ్డీలో అయస్కాంత క్షేత్రమును పెంపొందించును. పాయింట్లు తెరచుకొనగనే ఆ ప్రవాహము ఆగును. క్షేత్రము ఒక్కసారిగా కూలిపోవును. మారెడు అయస్కాంత క్షేత్రము తీగలో విద్యుత్తును పుట్టించునని 1831 లో ఫారడే కనుగొనిన సూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది.

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. ద్వితీయ చుట్టలో నూరురెట్లు చుట్లున్నవి గనుక 6 వోల్టులు 600 వోల్టులు కావలెను గదా, 20,000 ఎట్లయినవి? సమాధానమిది: హెచ్చింపబడునది బ్యాటరీలోని 6 వోల్టులు కాదు. క్షేత్రము కూలునపుడు ప్రాథమిక చుట్టలోనే 200 వోల్టులకు పైగా పుట్టును. అది నూరురెట్లై 20,000 వోల్టులగును. పాయింట్ల ప్రక్కనుండు కండెన్సరు ఆ ప్రవాహమును తటాలున ఆపుటకు తోడ్పడును. కండెన్సరు చెడినచో క్షేత్రము మెల్లగా కూలును; నిప్పురవ్వ బలహీనమగును. కాయిలుది కాని తప్పు కాయిలుమీద పడుట తరచుగా ఇక్కడనే.

2. మీటరు

ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడును కొలుచు ఏవో మీటరు 1923 లో ఇంగ్లండున వెలువడినది. ఆ మూడు కొలతల మొదటి అక్షరములే దాని పేరు. నేటి మల్టీమీటరు ఆ వంశములోనిదే. ముల్లు పోయి అంకెలు వచ్చినవి. నిరోధమును కొలుచుటకు మీటరు తన లోపలి చిన్న బ్యాటరీనుండి స్వల్ప ప్రవాహమును పంపును. కావున కొలతకు ముందు ట్రాక్టరు బ్యాటరీ తీగ విప్పివేయవలెను. కాయిలుకు తగిలించిన తీగలన్నియు, ఏది ఎక్కడిదో గుర్తు వ్రాసికొని, తీసివేయవలెను.

తరువాత మీటరును 200 ఓముల పరిధికి త్రిప్పి రెండు సూదులను ఒకదానికొకటి తాకింపుడు. సున్న కనబడదు, 0.3 యో 0.4 యో కనబడును. అది మీటరు తీగల సొంత నిరోధము. వేల ఓములు కొలుచునపుడు ఇది లెక్కలోనిది కాదు. ఒకటిన్నర ఓము కొలుచునపుడు మాత్రము ఇది నాలుగవ వంతు పొరపాటు. కావున వచ్చిన అంకెనుండి దీనిని తీసివేయవలెను. మీటరు 1.9 చూపినదనుకొందము, తీగలది 0.4 అయినచో కాయిలు నిరోధము 1.5 ఓములు.

3. మూడు కొలతలు

మొదటిది, ప్రాథమిక చుట్ట. డబ్బామీద కూడిక, తీసివేత గుర్తులుగల రెండు చిన్న మరలకు సూదులు తాకింపుడు. తుప్పు, మసి గీకి శుభ్రము చేయుట మరువరాదు. 6 వోల్టుల కాయిలుకు సాధారణముగా 1 ఓముకు పైన, 2 ఓములలోపు రావలెను. తయారుదారు ఇచ్చిన అంకె దొరకినచో అదియే ప్రమాణము.

రెండవది, ద్వితీయ చుట్ట. మీటరును 20 కిలో ఓముల పరిధికి మార్చి, ఒక సూదిని నడిమి గొట్టములోని లోహమునకు, రెండవదానిని చిన్న మరలలో ఏదైన ఒకదానికి తాకింపుడు. ఆ రకపు కాయిళ్ళలో సాధారణముగా 6,000 నుండి 10,000 ఓముల ప్రాంతమున చూపును.

మూడవది, డబ్బా. ఒక సూది డబ్బా లోహమునకు, రెండవది ఏదైన మరకు తాకింపుడు. మీటరు అనంతమును చూపవలెను. ఏ అంకె కనబడినను లోపలి తీగ డబ్బాను తాకుచున్నదన్నమాట.

ఏ చుట్టనైనను కొలుచునపుడు మీటరు అనంతమును చూపినచో తీగ తెగినది. ప్రాథమిక చుట్ట సున్నకు సమీపముగా వచ్చినచో చుట్లు ఒకదానినొకటి తాకి షార్టు అయినవి. ఈ తీర్పులకు తిరుగులేదు, కాయిలు మార్చవలసినదే.

వేడిని కూడ గమనింపవలెను. రాగి నిరోధము ప్రతి సెంటిగ్రేడు డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగును. 20 డిగ్రీలవద్ద 1.5 ఓములున్న చుట్ట 80 డిగ్రీలవద్ద 1.85 చూపును. ఇది దోషము కాదు, ప్రకృతి ధర్మము.

4. మీటరుకు చిక్కని దోషములు

మూడు కొలతలును సరిగా వచ్చినవి. అంతమాత్రమున కాయిలు మంచిదేనా? ఇచ్చటనే చాలమంది తొందరపడుదురు.

ద్వితీయ చుట్టలో 20,000 చుట్లు, 8,000 ఓములు ఉన్నవనుకొందము. వానిలో 100 చుట్లు ఎనామెలు పూత పోయి షార్టు అయినవి. నిరోధము తగ్గునది 200 వ వంతు, అనగా 40 ఓములు. మీటరు 7.96 చూపును, చూచినవారు బాగున్నదందురు. కాని షార్టు అయిన ఆ చుట్లు మూసికొన్న ఉంగరమువలె ప్రవర్తించి, నిప్పురవ్వకు పోవలసిన శక్తిని తామే మ్రింగును.

అంతేకాదు. మీటరు కాయిలుమీద ప్రయోగించునది కొద్ది వోల్టులు మాత్రమే. పనిలో కాయిలు భరింపవలసినది 20,000 వోల్టులు. చిన్న పీడనమునకు నిలిచిన ఇన్సులేషను పెద్ద పీడనమునకు చిట్లవచ్చును. పిల్లకాలువకు నిలిచిన గట్టు వరదకు నిలుచునని చెప్పగలమా? మరికొన్ని కాయిళ్ళు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, అరగంట నడచి వేడెక్కగనే మానివేయును; చల్లారిన పిదప మరల పలుకును. అట్టివానిని ఆగిన వెంటనే, వేడిమీదనే కొలువవలెను.

కావున ఈ సూత్రము గుర్తుంచుకొనుడు: మీటరు కాయిలును దోషియని నిర్ధారింపగలదు గాని, నిర్దోషియని నిర్ధారింపజాలదు. ఆ రెండవ పని నిప్పురవ్వ పరీక్షది. కాయిలునుండి వచ్చు లావు తీగకు స్పార్కు టెస్టరు తగిలించి, దాని రెండవ కొనను ఇంజను ఇనుముకు బిగించి, స్టార్టరుతో త్రిప్పవలెను. 6 మిల్లీమీటర్ల ఎడమును నీలితెలుపు రవ్వ చిటచిటలాడుచు దాటినచో కాయిలు, కండెన్సరు, పాయింట్లు కలిసి సరిగా పనిచేయుచున్నవి. పసుపుపచ్చగా, సన్నగా మినుకుమన్నచో బలము చాలదు. గేరు న్యూట్రలులో ఉండవలెను. చెంత పెట్రోలు వాసన ఉండరాదు. తీగను చేతితో పట్టుకొనరాదు. ఆ రవ్వను మల్టీమీటరుతో కొలువబూనరాదు. మీటరు పాడగును, మనిషికిని ప్రమాదము.

5. ఇరుగుపొరుగుల విచారణ

నిప్పురవ్వ బలహీనమైనంతనే కాయిలును విప్పవలదు. తీగలన్నియు యథాస్థానమున బిగించి మీటరును వోల్టులకు త్రిప్పుడు. 8ఎన్ ట్రాక్టరులో బ్యాటరీ కూడిక కొన ఇనుముకు బిగింపబడియుండును. కావున నల్లసూది ఇనుముమీద ఉంచినచో అంకెకు ముందు తీసివేత గుర్తు కనబడును, దానికి కలవరపడనక్కరలేదు. నిండు బ్యాటరీ విశ్రాంతిలో 6.3 వోల్టుల ప్రాంతమున ఉండును.

పాయింట్లు మూసి, స్విచ్చి వేసినపుడు కాయిలుకు స్విచ్చి వైపున దాదాపు బ్యాటరీ వోల్టులు ఉండవలెను. దారిలో వేరే నిరోధకము బిగించియున్నచో అంతకు తక్కువగా ఉండును. అసలే లేకున్న దోషము స్విచ్చిలోనో తీగలోనో ఉన్నది. పాయింట్ల వైపున దాదాపు సున్న ఉండవలెను. ఒకటి రెండు వోల్టులు కనబడినచో పాయింట్లు మసిబారినవి, లేదా వాని ఎర్తు సరిగా లేదు. పాయింట్లు తెరచినపుడు రెండు వైపులను బ్యాటరీ వోల్టులే కనబడవలెను. పాయింట్ల వైపున లేనిచో ప్రాథమిక చుట్ట తెగియుండును, లేదా అటువైపు తీగ ఎక్కడనో ఇనుమును తాకుచుండును. ప్రక్క డిస్ట్రిబ్యూటరుగల 8ఎన్ లో పాయింట్లు తెరచుకొనవలసిన ఎడము 0.025 అంగుళము. పాయింట్లు మూసియుండగా స్విచ్చిని ఎక్కువసేపు వేసియుంచరాదు, కాయిలు కాలును.

6. ఆరు పండ్రెండైన వేళ

ఈ ట్రాక్టర్లను పెక్కుమంది 12 వోల్టులకు మార్చుకొన్నారు. 1827 లో ఓము ప్రకటించిన సూత్రము ఇక్కడ కాయిలుకు ప్రాణరక్ష. 6 వోల్టులను 1.5 ఓములతో భాగించిన 4 ఆంపియర్లు; వేడి 24 వాట్లు. అదే కాయిలుకు 12 వోల్టులిచ్చిన 8 ఆంపియర్లు, 96 వాట్లు. వోల్టులు రెట్టింపైనవి, వేడి నాలుగింతలైనది. కాయిలు మాడును, పాయింట్లు కాలును. 3 ఓముల కాయిలు బిగించిననో, పాత కాయిలుకు వరుసలో 1.5 ఓముల నిరోధకము చేర్చిననో ప్రవాహము మరల 4 ఆంపియర్లగును. ఒక కాయిలు మాటిమాటికి మాడుచున్నదన్న, తప్పు కాయిలుదో, దానికి మితిమీరిన ప్రవాహము పంపినవారిదో ఈ చిన్న భాగహారము చెప్పును.

మీటరు చూపు అంకె సాక్ష్యము మాత్రమే. తీర్పు చెప్పవలసినది మనము. సాక్షి ఎంతవరకు చూచినాడో తెలిసికొని, పొరుగువారిని విచారించి, అటుపిమ్మట తీర్పు చెప్పినచో మంచి వస్తువు పారవేయబడదు, చెడ్డది దాగియుండదు.

అభ్యాసము

1. మీటరు సూదులు తాకించిన 0.5 ఓము చూపినది. కాయిలు ప్రాథమిక చుట్టవద్ద 3.5 చూపినది. ఈ కాయిలు 6 వోల్టులకు తగునా, 12 వోల్టులకు తగునా? కారణము చెప్పుడు.

2. ఉదయము చక్కగా నడచిన ట్రాక్టరు అరగంటకు ఆగి, చల్లారిన పిదప మరల నడచినది. చల్లని కాయిలును కొలిచి బాగున్నదని చెప్పుట సరియేనా?

3. పాయింట్లు మూసియుండగా కాయిలు రెండు వైపులను 6 వోల్టులు కనబడినవి. దోషము ఎక్కడ వెదుకవలెను?